ఒకే మోల్డ్, ఒకే ప్లాస్టిక్, ఒకే బరువు: కొత్త రన్ డిస్క్ వేరేలా ఎందుకు ఎగురుతోంది?

మీరు అడిగింది ఇది: డిస్క్ గోల్ఫ్‌లో (ప్లాస్టిక్ డిస్క్‌ను గొలుసుల బుట్టలోకి విసిరే ఆట) మూడేళ్లుగా వాడుతున్న మీ మిడ్‌రేంజ్, అంటే మధ్యస్థ దూరాలకు వాడే డిస్క్, తిన్నగా వెళ్లి చివర్లో కాస్త ఎడమకు వాలుతుంది. అదే మోల్డ్ (అచ్చు), అదే ప్లాస్టిక్, అదే 177 గ్రాముల డిస్క్ కొత్త రన్‌లోది, అంటే కొత్త తయారీ విడతలోది కొంటే, సగం దూరం నుంచే ఎడమకు దిగిపోతోంది. తప్పు రన్‌దా, మీ చేతిదా?

రెండూ కాకపోవచ్చండి. ముందు పాత డిస్క్‌ను అనుమానించండి. ఇదే ప్రశ్నతో నేను ఒక వేసవి అంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

నేను ఉండేది అమెరికాలోని షార్లెట్‌లో, ఎక్కువగా ఆడేది హార్నెట్స్ నెస్ట్ పార్క్‌లో. చెట్ల మధ్య సందులోంచి వెయ్యాల్సిన చోట పది అడుగులు ఎడమకు పోతే డిస్క్ చెట్టుకు తగులుతుంది, ఒక స్ట్రోక్ పోతుంది. అందుకే ఈ తేడా నాకు చిన్న విషయంగా అనిపించలేదు. నేను వాడే మోల్డ్ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ వ్యవహారం కాదు.

అదృష్టం కొద్దీ మొదట్లో ఒకే రన్‌లోవి రెండు కొన్నాను. ఒకటి రెండేళ్లు వాడాను, రెండోది ముట్టుకోకుండా గరాజ్‌లో ఉండిపోయింది. కొత్త రన్‌ది కొన్నాక మూడూ తీసుకుని శనివారం పొద్దున్నే ఒక స్కూలు గ్రౌండ్‌కు వెళ్లాను. ఫుట్‌బాల్ గోల్‌పోస్ట్ వైపు గురి. ఒక్కొక్కటి పదిసార్లు, వరసగా కాకుండా కలగలిపి వేశాను. చేతిలోంచి సమాంతరంగా వదలడం, సుమారు 230 అడుగులు. వాడిన పాతది గురికి సగటున ఎనిమిది అడుగులు ఎడమగా పడింది. అదే రన్‌లో వాడనిది ఇరవై అడుగులు. కొత్త రన్‌ది ఇరవై ఏడు.

ఈ లెక్కను ఒకసారి జాగ్రత్తగా చూడండి. రన్ మారినందుకు వచ్చిన తేడా ఏడు అడుగులు. చెట్లకు కొట్టుకుని, రోడ్డు మీద రాసుకుని రెండేళ్లు అరిగినందుకు వచ్చిన తేడా పన్నెండు. అరుగుదల రోజుకు కాస్త చొప్పున వస్తుంది కాబట్టి మనకు తెలియదు, చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది. కొత్తది చేతికి రాగానే మొత్తం తేడా ఒక్కసారిగా కనిపిస్తుంది, నింద రన్ మీద పడుతుంది.

నిజానికి అంతకు ముందు వారం ఒక సాయంత్రం ఇదే పరీక్ష చేస్తే ఫలితం తలకిందులుగా వచ్చింది. ఆ రోజు ఎదురుగాలి తెరలు తెరలుగా వీచింది. ఎదురుగాలికి ఏ డిస్క్ అయినా గాలిలో ఎక్కువ వేగంతో ఉన్నట్టే లెక్క, కాబట్టి కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో (చేతిని ఒంటికి అడ్డంగా తెచ్చి విసిరితే) కుడికి ఎక్కువ ఒరుగుతుంది. గాలి లేని పూట చేస్తేనే ఈ పరీక్షకు విలువ.

అలాగని రన్‌ల తేడా కట్టుకథ కాదు. ఇన్నోవా కంపెనీ వాళ్ల రాక్ అనే మిడ్‌రేంజ్ 1987లో వచ్చింది. పన్నెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన కెన్ క్లైమో పేరుతో కూడా అమ్ముడుపోయిన డిస్క్ అది. పాత రాక్‌ల అడుగున శాన్ మారినో, ఆంటారియో, రాంచో కుకమోంగా అని కాలిఫోర్నియా ఊళ్ల పేర్లు ఉంటాయి. ఏ ఊరి పేరు ఉన్నది ఎలా ఎగురుతుందో సీనియర్ ఆటగాళ్లు గంటలకొద్దీ చెబుతారు. రాంచో రాక్ అనేది వాళ్ల నోట విడిగా ఒక డిస్క్ పేరే అయిపోయింది.

కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఒకే పెనం మీద ఒకే పిండితో పోసినా అట్లన్నీ ఒకేలా రావు కదా. డిస్క్ కూడా అంతే. కరిగిన ప్లాస్టిక్‌ను మోల్డ్‌లోకి కొట్టాక ఎంత వేడి మీద బయటికి తీశారు, ఎంతసేపు చల్లారింది, ప్లాస్టిక్ మిశ్రమం ఏమిటి, అందులో కలిపిన రంగు ఏమిటి అన్న దాన్ని బట్టి అది కుంచించుకునే తీరు మారుతుంది. దాంతో పైభాగం ఉబ్బు మారుతుంది, అంచు కాస్త పైకో కిందికో జరుగుతుంది. అందుకే ఒకే రన్‌లోనే ఎరుపుది ఒకలా, నీలంది ఒకలా రావచ్చు.

చూడాల్సింది అంచు మీద ఉండే సన్నని గీతను. మోల్డ్ రెండు భాగాలు కలిసిన చోటు అది, పార్టింగ్ లైన్ అంటారు. ఆ గీత కింది నుంచి ఎంత ఎత్తులో ఉంటే డిస్క్ అంత ఓవర్‌స్టేబుల్, అంటే మన కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌కు అంతగా ఎడమకు లాగుతుంది. వంటింటి గ్రానైట్ గట్టు మీద రెండు డిస్క్‌లు అంచులు తాకేలా పెట్టి, కళ్లు గట్టు మట్టానికి దించి చూడండి. నావి అలా పెడితే కొత్తదాని గీత పాతదాని కంటే ఒక క్రెడిట్ కార్డు మందమంత పైకి కనిపించింది. తర్వాత బొటనవేళ్లతో నడిమధ్య నొక్కి చూడండి. ఉబ్బు ఎక్కువ ఉన్నది మామూలుగా గాలిలో ఎక్కువసేపు తేలుతుంది, చదునుగా ఉన్నది త్వరగా దిగుతుంది.

డిస్క్ మీద ముద్రించిన అంకెలను మరీ పట్టించుకోవద్దు. డిస్క్‌క్రాఫ్ట్ కంపెనీ బజ్‌ డిస్క్‌కు 5, 4, -1, 1 అని ఉంటుంది: వేగం, గ్లైడ్ (గాలిలో తేలడం), టర్న్ (వేగంగా ఉన్నప్పుడు కుడికి ఒరగడం), ఫేడ్ (చివర్లో ఎడమకు వాలడం). అవి ఆ మోల్డ్‌కు కంపెనీ ఇచ్చినవి, మీ చేతిలో ఉన్న ఆ ఒక్క డిస్క్‌ను విసిరి చూసి రాసినవి కావు. ఈ ఆటకు నియమాలు పెట్టే సంఘం పీడీజీఏ ఇచ్చే ఆమోదం కూడా కొలతలకే. వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములు మించకూడదు అన్నది వాళ్ల నియమం, కాబట్టి 21.7 సెంటీమీటర్ల మిడ్‌రేంజ్ 180 గ్రాముల దాకా ఉండొచ్చు. ఎలా ఎగరాలో మాత్రం వాళ్లు చెప్పరు. అడుగున రాసిన బరువును ఒకసారి వంటింటి కాటా మీద చూసుకోండి. నా 177 ఒకటి 175 మాత్రమే తూగింది.

కొనేటప్పుడు ఫస్ట్ రన్ అన్న మాటకు అదనంగా డబ్బు పెట్టొద్దని నా అభిప్రాయం. షాపులో చేత్తో పట్టుకుని ఏరుకోండి. ఆన్‌లైన్ అయితే పక్కనుంచి తీసిన ఫొటో అడగండి, చాలామంది పంపిస్తారు. నచ్చింది దొరికితే అదే రంగులో, అదే బరువులో రెండోది అప్పుడే కొనేయండి.

మీ కొత్తదాన్ని అమ్మెయ్యకండి. ఎదురుగాలికి, ఎడమ మలుపు ఉన్న హోల్స్‌కు దాన్ని వాడుతూ ఉండండి. నాది ఏడాది వాడేసరికి ఇప్పుడు గురికి పదిహేను అడుగుల దగ్గర పడుతోంది. మీ రెండు డిస్క్‌లనూ గట్టు మీద పెట్టి చూసి, ఏ గీత ఎత్తులో ఉందో ఇక్కడ రాయండి. పాతదాన్ని వారానికి ఎన్ని రౌండ్లు వాడారో కూడా చెబితే, తేడా ఎంత అరుగుదలదో, ఎంత రన్‌దో కలిసి లెక్క వేద్దాం.