నేల చూసి మ్యాట్ కొనవే చిట్టీ

చిట్టీకి, అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు పంపిన నాలుగు డ్యాన్స్ మ్యాట్ల లింకులూ చూశాను. "ఏది కొనమంటావు, ఒక్క మాటలో చెప్పత్తా" అన్నావు. ఒక్క మాటలో చెప్తే ఆ రంగు లైట్లున్నదే కొంటావని నాకు తెలుసు. వాయిస్ మెసేజ్ పెడదామంటే మీ మావయ్య పక్కన టీవీ పెట్టుకుని కూర్చున్నారు. అందుకని రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ నాలుగింటి సంగతి తేల్చేద్దాం. మొదటిది చిన్నపిల్లల బొమ్మ. బ్యాటరీలు వేస్తే దాని పాట అదే పాడుకుంటుంది. కంప్యూటర్‌కి తగిలించే వైరే లేదు. మూడేళ్ల పిల్లకి పుట్టినరోజు కానుకగా ఇవ్వొచ్చు. రెండోది టీవీకి పెట్టేది. ఆటలు దాని డబ్బాలోనే ఉంటాయి. ఆ ఆటలు విసుగొచ్చిన రోజున మ్యాట్ కూడా మూలపడుతుంది. నాలుగోది జాగ్రత్తగా చూడు, బాణాలు నాలుగూ మూలల్లో ఉన్నాయి, మధ్యలో ఇంకో గడి ఉంది. అది పంప్ ఇట్ అప్ అనే కొరియా ఆటకి చేసింది. అదీ మంచి ఆటే. అయితే నువ్వు మా ఇంట్లో చూసి మోజుపడ్డది డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్ రకం. 1998లో జపాన్‌లో కోనామీ వాళ్లు తెచ్చారే, పాట నడుస్తుంటే తెర మీద వచ్చే బాణాలు చూసి మ్యాట్ మీద అవే బాణాలు కాలితో తొక్కాలి, అది. దానికి ఎడమ, కుడి, ముందు, వెనక నాలుగే బాణాలు. మధ్య గడి ఊరికే నిలబడటానికి. ఇంక మిగిలింది మూడోది. యూఎస్‌బీ వైరు, లోపల స్పాంజి, నాలుగు బాణాలు. కొంటే దాన్నే కొను. (జస్ట్ డ్యాన్స్ కూడా ఆడొచ్చా అన్నావు. దానికి మ్యాట్ అక్కర్లేదు, ఫోన్ చేత్తో పట్టుకుని ఆడతారు.)

కొనే ముందు వంగి మీ హాలు నేల ఒకసారి తడిమి చూడు. వేళచ్చేరిలో కొత్త ఫ్లాట్లన్నిటికీ నున్నటి టైల్సే కదా. మ్యాట్ వెనక ఎంత గరుకు గుడ్డ వేసినా, ఆ టైల్స్ మీద నాలుగు పాటలయ్యేసరికి టీవీ దగ్గర మొదలైనది సోఫా కిందికి చేరుతుంది. నువ్వు కాలు వేసేది బాణం మీదే అనుకుంటావు, బాణం అక్కడ ఉండదు. ఆట రాలేదనుకుని మానేసినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకి ఆట వచ్చు, మ్యాటే జారిపోయింది.

నేను చేసింది చెప్తాను. 8 అడుగులకి 4 అడుగుల ప్లైవుడ్ షీటులో సగం, అంటే 4కి 4, మందం 12 మిల్లీమీటర్లది కోయించాను. మ్యాట్ సుమారు 80 సెంటీమీటర్లకి 90 ఉంటుంది కాబట్టి చుట్టూ కాస్త చోటు మిగులుతుంది. చెక్క అడుగున జిమ్ముల్లో వేసే రబ్బరు షీటు పరిచాను. చెక్క మీద మ్యాట్ పెట్టి, నాలుగు అంచులకీ వెల్క్రో అంటించాను. జిగురు మాత్రం పెట్టకు. ఎందుకో తర్వాత చెప్తాను. ఈ చెక్కకీ రబ్బరుకీ అయిన ఖర్చు మ్యాట్ ఖర్చులో సగం దాకా వచ్చింది. మీ మావయ్య గొణిగారు. అయినా ఇన్నేళ్లలో మ్యాట్లు మూడు మారాయి, చెక్క అదే.

రబ్బరు ఎందుకంటే, మీది మూడో అంతస్తు. నేను మొదట్లో ఉత్త నేల మీదే ఆడేదాన్ని. ఒక మధ్యాహ్నం కింది ఇంటి మామి మెట్లెక్కి వచ్చి, చేతిలో పొడి డబ్బా అలాగే పట్టుకుని, "మేల ఎన్న ఇడిక్కిరీంగ?" అంది. పైన ఏం దంచుతున్నారని. మసాలా దంచుతున్నానని అబద్ధం చెప్పాను. రోజూ సరిగ్గా పాట లెక్కన ఎవరు దంచుతారే! వారం తర్వాత మళ్లీ వస్తే లోపలికి పిలిచి చూపించాను. అప్పటి నుంచి ఒప్పందం ఏంటంటే, మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా ఆడను, రాత్రి 8 తర్వాత గెంతులున్న పాటలు పెట్టను. రబ్బరు వేశాక చప్పుడు చాలా తగ్గిందని ఆవిడే చెప్పింది. నువ్వు ముందే మీ కింది వాళ్లతో ఒక మాట అనేసుకో.

ఇప్పుడు మ్యాట్ లోపలి సంగతి. పైన ప్లాస్టిక్ తోలు లాంటి పొర. దాని లోపల కరెంటు పారే నల్లటి పూత ఉన్న రెండు పల్చటి షీట్లు. ఆ రెంటి మధ్య చిల్లులున్న పల్చటి స్పాంజి. కాలు వేస్తే ఆ చిల్లుల్లోంచి పై షీటు కింది షీటుకి తగులుతుంది, కంప్యూటర్‌కి బాణం నొక్కినట్టు తెలుస్తుంది. అంతే, పెద్ద విద్యేం కాదు. మంచి మ్యాట్లకి అడుగున ఒక అంగుళం మందం గట్టి స్పాంజి దిమ్మ కూడా ఇస్తారు, జిప్పు తీసి లోపల పెట్టుకోవాలి. దుప్పటిలా పల్చగా ఉండేవి చవక. వాటిలో లోపలి షీట్లు ముడతలు పడి తొందరగా చస్తాయి. అలాగని పరుపులా మెత్తగా ఉన్నదీ వద్దు. కాలు దిగబడి లేవటానికి ఆలస్యమవుతుంది, వేగం పాటల్లో పిక్కలు పట్టేస్తాయి. బొటనవేలితో నొక్కి చూడు, నొక్కినంతసేపే దిగి వెంటనే పైకి లేవాలి.

కొన్న మొదటి రోజే చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నా మొదటి మ్యాట్ మా వాడు ప్లేస్టేషన్ 2 అనే వీడియో గేమ్ డబ్బా ఉన్న రోజుల్లో ఆడి అటకెక్కించినది. వాడు ఉద్యోగానికి వెళ్లిపోయాక, మోకాళ్లు పట్టేస్తున్నాయని డాక్టరు నడవమంటే, ఈ మద్రాసు ఎండలో ఎక్కడ నడుస్తానని దాన్ని దింపాను. కంప్యూటర్‌కి పెట్టటానికి ఒక అడాప్టర్ కొన్నాను. ఒక్కో బాణం చక్కగా పడేది. ఎడమ కుడి రెండు కాళ్లతో ఒకేసారి గెంతితే మాత్రం రెండూ పడేవి కాదు. కాళ్లదే తప్పనుకుని నెల రోజులు గెంతాను! చివరికి అడాప్టర్ పట్టుకుని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌కి వెళ్తే అక్కడ కౌంటర్ వెనక కుర్రాడు నవ్వాడు. ఆ అడాప్టర్ బాణాలని జాయ్‌స్టిక్ కర్రలా చదువుతోందట. కర్ర ఒకేసారి ఎడమకీ కుడికీ వంగదు కదా, రెండూ నొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మూడు అడాప్టర్లు మార్చి పెట్టాక, బాణాల్ని విడివిడి బటన్లుగా చదివేది దొరికింది.

నీది యూఎస్‌బీదే అయినా ఈ జబ్బు ఉండొచ్చు. విండోస్‌లో రన్ బాక్స్ తెరిచి జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని ఇంగ్లీషులో కొట్టు. మ్యాట్ పేరు కనిపిస్తుంది, దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లు. ఒక్కో బాణం తొక్కితే ఒక్కో నంబరు లైటు వెలగాలి. ఎడమ, కుడి కలిపి తొక్కితే రెండు లైట్లూ వెలగాలి. ముందు, వెనక కలిపి కూడా అంతే. లైట్ల బదులు ఒక చదరంలో గుర్తు అటూ ఇటూ కదులుతుంటే అది కర్ర రకం, వెంటనే వాపసు పంపెయ్. వాపసు తీసుకుంటామని రాసి ఉన్న చోటే కొనమనేది ఇందుకే. నాకొకసారి ఒక దుకాణంవాడు "వాడిన వస్తువు తీసుకోం మేడమ్" అని ముఖం తిప్పేశాడు. వాడకుండా చెడిందని ఎలా తెలుస్తుందో మరి.

ఆటకి ఖర్చు లేదు. డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్ లాగే కంప్యూటర్‌లో ఆడే స్టెప్‌మేనియా అనే ప్రోగ్రామ్ ఉచితం. అదే పునాది మీద కొత్తగా చేసిన ఐటీజీమేనియా కూడా ఉచితమే, ఈమధ్య నేను అదే వాడుతున్నాను. పెట్టుకోగానే సెట్టింగుల్లో ఒక పని చెయ్యి. మ్యాట్ పై మూలల్లో ఉండే గుండ్రం, ఇంటూ గుర్తుల బటన్లకి ఏ పనీ లేకుండా తీసెయ్. లేకపోతే పాట మధ్యలో మడమ తగిలి మెనూలోకి పోతుంది, అదీ సరిగ్గా బాగా ఆడుతున్నప్పుడే.

బ్లూటూత్ స్పీకర్ వాడకు. ఈ ఆటలో అన్నిటికన్నా మంచి మార్కు రావాలంటే అడుగు తాళానికి అటూ ఇటూ సుమారు 22 మిల్లీసెకన్ల లోపు పడాలి. బ్లూటూత్‌లో పాట వంద మిల్లీసెకన్లకి పైగా వెనకబడటం మామూలే. పాత వైరు స్పీకర్లు చాలు. కంప్యూటర్‌ని టీవీకి తగిలిస్తే, బొమ్మ ఆలస్యం కాకుండా టీవీలో గేమ్ మోడ్ పెట్టు. ఎప్పుడూ ఒకేలా ఉండే ఆలస్యాన్నయితే ఆటలోనే సరిచేసుకోవచ్చు, సింక్ క్యాలిబ్రేట్ చేసే చోటు ఉంది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఉండేదాన్ని ఎవరూ సరిచెయ్యలేరు.

మెట్టెల సంగతి నీకు ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నాను. నా రెండో మ్యాట్ ముందు బాణం మీద చిన్న గీత పడింది. మొదట గోరు అనుకున్నాను. పది రోజుల్లో అది చీలికైంది, చూస్తే నా ఎడమ కాలి మెట్టె అంచు. నీకు తీసెయ్యటం ఇష్టం లేకపోతే, వేలికి మెత్తటి గుడ్డ ప్లాస్టర్ ఒక చుట్టు చుట్టుకో. పట్టీలు తీసెయ్. సాక్సు వేసుకోవచ్చు కానీ జారుతుంది. నేను ఒట్టి కాళ్లతోనే ఆడతాను, పక్కన పాత తువ్వాలు ఒకటి ఉంచుకుని పాటకీ పాటకీ మధ్య పాదాలు తుడుచుకుంటాను.

చెమట తుడవకపోతే ఏమవుతుందో విను. ఒక మే నెలలో, కత్తిరి ఎండల్లో, ఫ్యాన్ కింద గంట ఆడి మ్యాట్ అలాగే వదిలేశాను. మర్నాడు ఆట తెరిస్తే, మ్యాట్ దగ్గర ఎవరూ లేరు, పాటల జాబితా దానంతటదే గిరగిరా తిరుగుతోంది. మీ మావయ్య దయ్యమన్నారు. కుడి బాణం నొక్కుకుపోయి ఉంది. జిప్పు తీసి దిమ్మ బయటికి లాగాను. స్పాంజి కుడివైపు ముట్టుకుంటే తడి, పులిసిన పిండి వాసన. పొరల మధ్యకి చెమట దిగి రెండు షీట్లూ అంటుకుపోయాయి. పొడి దూదితో అద్ది, మధ్యలో పుల్లలు పెట్టి, రాత్రంతా ఫ్యాన్ కింద ఆరబెట్టాను. ఎండలో పెట్టలేదు, ప్లాస్టిక్ వంకర్లు పోతుందని భయం. పొద్దునకి బాగైంది. జిగురు వద్దని ఇందుకే అన్నాను, అంటించేసి ఉంటే జిప్పు తెరుచుకునేదే కాదు. ఆడటం అయ్యాక దాన్ని మడవకు. మడత పడ్డ చోటే నల్ల పూత విరుగుతుంది. చెక్కతో పాటు మంచం కిందికి తోసెయ్, లేదా వదులుగా చుట్టు.

లోహం ప్యాడ్లు అడిగావు. పోలండ్‌లో ఎల్‌టెక్ వాళ్లు చేస్తారు, బాగుంటాయని పేరు. స్టెప్‌మేనియాఎక్స్ అని ఇంకో ఆట ఉంది, వాళ్ల ప్యాడ్లు ఇంకా గట్టివి, కాలి బరువెంత పడిందో కొలిచే సెన్సర్లు ఉంటాయి. గట్టి పలక మీద కాలికి బాణం అంచు తెలుస్తుంది, జారదు. కానీ అక్కడి ధరకి రవాణా, కస్టమ్స్ తోడవుతాయి. చప్పుడు కూడా ఎక్కువే. మన సముద్రపు గాలికి ఇనుము సంగతి కిటికీ ఊచలు చూస్తే తెలుస్తుంది కదా. ముందు ఈ స్పాంజిదాన్ని చీలిపోయేదాకా ఆడు. లోహంది కావాలో వద్దో అది చీలేలోపు నీకే తెలుస్తుంది.

ఇంకొకటి. ప్రతి అడుగుకీ మధ్య గడిలోకి తిరిగి రాకు. కొత్తవాళ్లందరూ అలాగే చేస్తారు, ఊరికే అలసిపోతారు. కాలు వేసిన బాణం మీదే ఉంచి రెండో కాలితో తర్వాతది వెయ్యి. మెత్తటి మ్యాట్‌లో కాలికి హద్దు తెలియదు కాబట్టి, నేను మధ్య గడి చుట్టూ ఇన్సులేషన్ టేపు రెండు మడతలు వేసి అంటించాను. చూడక్కర్లేదు, అరికాలికి ఆనుతుంది.

నీ చెక్క నువ్వేం కోయించుకోకు. మా మేడ మీద ఆ షీటులో మిగిలిన రెండో సగం ఉంది, వానకి తడవకుండా పాలిథీన్ చుట్టి పెట్టాను. ఆదివారం పశ్చిమ మాంబళం రండి, తీసుకెళ్దురు గానీ. ఆటోలో పట్టదు, మీ ఆయన్ని కారు తెమ్మను. నీ మ్యాట్ వచ్చేసి ఉంటే దాన్ని కూడా పట్టుకురా, ఆ లైట్ల పరీక్ష ఇద్దరం కలిసి చేద్దాం. మామికి కూడా నిన్ను చూడాలని ఉందట.

మీ అత్తయ్య