సైన్యాలు సమానంగా ఎందుకుండాలి?
బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధపు ఆటలో ఇద్దరికీ సమాన పాయింట్లిచ్చి (అంటే సైన్యం బలాన్ని కొలిచే లెక్క), చదును బల్ల మీద ఆడితే, ప్రతిసారీ మధ్యలో గుద్దుకోవడంతోనే ఆట అయిపోతోందన్నారు కదండీ. అవకేం చేస్తుంది! పాయింట్లు పక్కనపెట్టి, జరిగిన యుద్ధాన్నే తీసుకోండి.

1803 సెప్టెంబరు 23, ఇప్పటి మహారాష్ట్రలోని అస్సాయే. కైత్నా, జువా నదుల మధ్య ఇరుకు నేల. మరాఠాలవైపు ఫిరంగులూ మందీ ఎక్కువ, బ్రిటిష్ సేనాని వెల్లెస్లీ దగ్గర బాగా తక్కువ. నది దాటే రేవు లేదని దారి చూపేవాళ్లు చెప్పినా, ఎదురెదురు ఒడ్డున రెండు ఊళ్లున్నాయంటే దాటే చోటు ఉండాల్సిందేనని లెక్కేసి, పక్కనుంచి వచ్చిపడ్డాడు.

మీరు రేవు ఎక్కడుందో మరాఠా ఆటగాడికి చెప్పకండి. కానీ అతని వరుస పక్కకు తిరిగి నిలబడటానికి ఒక టర్న్ ఇవ్వండి, నిజంగానే తిరిగారు. ఫిరంగుల దెబ్బ మాత్రం తగ్గించొద్దు. గెలిచిన వెల్లెస్లీకే చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి దాదాపు మూడో వంతు నష్టం. గెలుపు లెక్కలో అదీ కలపండి.