పెరటి ముచ్చట్లు: కొత్తగా నాటిన హైడ్రాంజియా

ప్రశ్న: అక్కా, నమస్తే. సంక్రాంతి తర్వాత నర్సరీ నుంచి రెండు హైడ్రాంజియా మొక్కలు తెచ్చుకున్నాను. ఒక్కోదానికి మూడేసి గులాబీరంగు పూలగుత్తులున్నాయి. గేటు పక్కన, పడమటి గోడ దగ్గర నాటాం. మాది నల్లరేగడి. ఇరవై రోజులకే పూలు మాడిపోయాయి, ఆకుల అంచులు ఎండాయి. మధ్యాహ్నం అయిందంటే తల వేలాడేస్తున్నాయి. మా ఆయన పొద్దున, సాయంత్రం బకెట్ చొప్పున నీళ్లు పోస్తున్నారు. అయినా ఇంతే. చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. బతుకుతాయా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: బతుకుతాయి చెల్లెమ్మా. కాకపోతే ఈ వారంలోనే వాటిని అక్కడి నుంచి తీయాలి. ఫిబ్రవరి ఎండకే ఇట్లా ఉంటే, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పడమటి గోడ పక్కన ఆ మొక్క నిలవలేదు.

నాలుగేళ్ల కిందట నేనూ ఇదే తప్పు చేశాను. కాజీపేటలో మా ఇంటి మెట్ల పక్కన, వచ్చేవాళ్లకు కనబడాలని పెట్టాను. రోజూ నీళ్లు పోశాను. ఏప్రిల్ దాటలేదు. బాధతో పీకి చూస్తే అప్పుడు తెలిసింది: చుట్టూ మట్టి బురదగా ఉంది, నడుమ నర్సరీ కవరు ఆకారంలోనే ఉన్న కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ముద్ద మాత్రం పొడిగా ఉంది. వేళ్లు అల్లుకున్న ముద్ద ఒకసారి పూర్తిగా ఎండితే తొందరగా నీళ్లు పీల్చదు. పోసిన నీళ్లన్నీ పక్కల నుంచి దిగిపోతాయి. వేళ్లేమో ఇంకా ఆ ముద్ద దాటి బయటికి రాలేదు. మీ నేలలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. రేగడిలో తీసిన గుంత గిన్నెలా నీళ్లు పట్టి ఉంచుతుంది. పైన దాహం, అడుగున కుళ్లు, రెండూ ఒకే మొక్కకు రావచ్చు. అందుకని ముందు ఆ బకెట్లు ఆపించండి.

పొద్దు గూకే వేళ మొక్కను మట్టిగడ్డతో సహా తవ్వి తీయండి. వేళ్ల ముద్దను బకెట్ నీళ్లలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచండి. ముద్ద బయటి వేళ్లను చేత్తో కొంచెం వదులు చేయండి. ఈ ఎండాకాలానికి నేలలో వద్దనే నా మాట. 14 అంగుళాల మట్టికుండీలో పెట్టండి. ఎర్ర చల్క మట్టి, కోకోపీట్ సమపాళ్లలో, ఒక్కోదాని కొలతలో సగం బాగా మాగిన పశువుల ఎరువు. నర్సరీలో కాండం ఎంత వరకు మట్టిలో ఉందో అంతే ఉండాలి, లోతుగా పాతితే మొదలు కుళ్లుతుంది. పైన రెండు అంగుళాల మందం ఎండుటాకులు పరచండి, కాండానికి ఆనకుండా. ఈ మొక్క వేళ్లు సన్నవి, పైపైనే పరుచుకుంటాయి. ఎండ నేరుగా మట్టిని కాలిస్తే తట్టుకోలేవు.

కుండీ పెట్టే చోటు అన్నిటికన్నా ముఖ్యం. తూర్పు వైపు, పొద్దున తొమ్మిదిన్నర దాకా ఎండ తగిలి తర్వాత గోడ నీడ పడే చోటు వెతకండి. మాకు జామచెట్టు నీడ కలిసొచ్చింది. అదీ లేకపోతే మార్చి నడుమ నుంచి వానలు పడేదాకా 50 శాతం షేడ్ నెట్ కట్టండి. గచ్చు మీద నేరుగా పెట్టకండి, రెండు ఇటుకలెత్తున పెట్టండి.

మధ్యాహ్నం వాడిపోతే వెంటనే చెంబు పట్టుకుని పరుగెత్తవద్దు. ఆ వెడల్పాటి ఆకుల నుంచి పోయేంత వేగంగా వేళ్లు నీళ్లు అందించలేవు, అంతే. చీకటి పడ్డాక తేరుకుంటే మొక్క బాగానే ఉన్నట్టు. మర్నాడు పొద్దున కూడా వాలి ఉంటే, అప్పుడు వేలు రెండు కణుపుల లోతు దింపి చూడండి. పొడిగా ఉంటే అడుగుదాకా తడిసేలా పోయండి. తడిగా ఉంటే ఆపండి.

మాడిన పూలగుత్తుల్ని గుత్తి కిందనే కత్తిరించేయండి. సగం పచ్చగా ఉన్న ఆకుల్ని మాత్రం ఉంచండి, ఇప్పుడు మొక్కకు తిండి పెట్టేది అవే. యూరియా అసలు వద్దు. కొత్త చిగురు వచ్చాక గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు.

మిరుగం వచ్చి రెండు మంచి వానలు పడ్డాక నేలలో నాటుకోవచ్చు. రేగడి కాబట్టి జానెడు ఎత్తు మట్టిదిబ్బ పోసి దాని మీద నాటండి. ఊటీలో, కొడైకెనాల్‌లో కనబడేంత పూత మన దగ్గర రాదు. పూమొగ్గ కట్టడానికి దానికి కొన్ని వారాల చలి కావాలి, మనకు అది డిసెంబర్, జనవరిలోనే దొరుకుతుంది. పాత కొమ్మల చివర్లలోనే మొగ్గ కడుతుంది కనుక చలికాలంలో కత్తెర పెట్టకండి. మొదటి ఏడాది పూయకపోయినా, ఎండాకాలం దాటి పచ్చగా ఉంటే నాకు ఉత్తరం రాయండి, చాలా సంతోషిస్తాను.

ప్రశ్న: నీలం పూలని కొన్నాను. మరుసటి ఏడు గులాబీ రంగులో పూశాయి. నర్సరీవాళ్లు మోసం చేశారా? తుప్పు మేకులు పాతితే నీలం వస్తుందంటున్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మోసం కాదు తమ్ముడూ, మీ మట్టి చేసిన పని. మట్టి పులుపుగా ఉంటే, అంటే పులుపును చెప్పే పీహెచ్ కొలత 5.5 లేదా అంతకన్నా తక్కువైతే, అందులోని అల్యూమినియం వేళ్లకు అందుతుంది, పువ్వు నీలమవుతుంది. సున్నం ఎక్కువైతే అల్యూమినియం మట్టిలోనే బిగుసుకుపోతుంది, పువ్వు గులాబీ అవుతుంది. బోరు నీళ్లు పోస్తున్నారా? బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంటే అదే సున్నం. ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే, ఇనుము అందడం లేదని కూడా అర్థం. వానాకాలంలో డాబా నీళ్లు డ్రమ్ములో పట్టి వాడండి.

నీలానికి కావాల్సింది అల్యూమినియం, ఇనుము కాదు. కాబట్టి మేకులు వద్దు. నాటి ఏడాది దాటిన మొక్కకైతే చిన్న చెంచాడు పటిక పొడి 4 లీటర్ల నీళ్లలో కరిగించి, తడి మట్టి మీద పదిహేను రోజులకోసారి పోయవచ్చు. కొత్త మొక్కకు పోస్తే వేళ్లు కాలతాయి. తెల్లపూల రకమైతే ఏం చేసినా నీలం కాదు.

ప్రశ్న: కొమ్మ నాటితే వస్తుందా? మా ఇంట్లో మేకలున్నాయి, పర్వాలేదా?
– ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: బాగా వస్తుందమ్మా. జూలై, ఆగస్టులో పూత లేని కొమ్మను రెండు కణుపులతో కోసి, పై ఆకుల్ని సగానికి కత్తిరించి, ఇసుక, కోకోపీట్ కలిపిన గ్లాసులో నీడన పెట్టండి. మూడు, నాలుగు వారాల్లో వేరు పోస్తుంది. నా దగ్గరున్న మూడు మొక్కలూ మా వదిన ఇచ్చిన ఒక్క కొమ్మ నుంచి వచ్చినవే. మేకలకు మాత్రం అందనివ్వకండి. ఆకుల్లో, మొగ్గల్లో వాటికి విషమయ్యే పదార్థం ఉంది, చుట్టూ జాలీ కట్టాకే నాటండి.