ఆనప పిందెలు రాలుతున్నాయా? పువ్వు విచ్చే వేళను గమనించండి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గరి పల్లె. పెరట్లో 4 సెంట్లలో ఆనప, బీర, దోస, కాకర పాదులు పెట్టాం. పిందె బాగా నిలుస్తుందని ఒక తేనెటీగల పెట్టె కూడా తెచ్చాం. దోస, కాకర బాగానే కాస్తున్నాయి కాని ఆనప పిందెలు వేలెడంత అయ్యాక పసుపెక్కి రాలిపోతున్నాయి. ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, కోనసీమ

జవాబు: మందు జోలికి వెళ్లకముందు రాలిన పిందెలను నాలుగైదింటిని నిలువునా కోసి చూడండి. లోపల తెల్లని పురుగులుంటే అది పండుఈగ పని. పురుగు లేకుండా పిందె వడలిపోతే పరాగ సంపర్కం జరగలేదన్నమాట. పండుఈగకు కాకర కూడా ఇష్టమైనదే కనుక, మీ కాకర శుభ్రంగా ఉన్నదంటే రెండోదే కారణమని నా అభిప్రాయం.

దోస, కాకర పువ్వులు ఉదయం పూట విచ్చుతాయి కనుక మీ పెట్టెలోని ఈగలు వాటిపై తిరిగి పుప్పొడిని చేరవేస్తున్నాయి. బీర పువ్వు సాయంత్రం 4, 5 గంటలకు విచ్చుతుంది కాబట్టి పొద్దుగూకేలోగా ఈగలకు కొంత వ్యవధి దొరుకుతుంది. ఆనప పువ్వు మాత్రం ఈగలు గూటికి చేరే వేళకు విచ్చుకుని, రాత్రి తిరిగే రెక్కల పురుగుల మీద ఆధారపడుతుంది. అవి తగినన్ని రాని పెరట్లో ఆ పని మీ చేతులతోనే జరగాలి. సాయంత్రం 6 గంటల ప్రాంతంలో అప్పుడే విచ్చిన మగ పువ్వును కోసి, రేకలు తీసేసి, అడుగున చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యభాగానికి మెల్లగా తాకించండి. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పువ్వులకు సరిపోతుంది.

పెట్టె తెచ్చి నష్టపోయామని దయచేసి అనుకోకండి. చుట్టూ ఉన్న కొబ్బరి తోటల్లో ఏడాది పొడవునా పూత ఉంటుంది కనుక ఈగలకు మేత దొరుకుతుంది. ముసురు పట్టి అవి బయటికి వెళ్లలేని రోజుల్లో మాత్రం పంచదార, నీరు సమపాళ్లలో కలిపిన పానకాన్ని సాయంత్రం పెట్టె లోపల ఉంచండి. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీటి గిన్నెలు పెట్టాలి.

పండుఈగ కనిపించినా మలాథియాన్ పురుగుమందు కలిపిన బెల్లపు ఎర పెట్టవద్దు. ఆ తీపికి మీ తేనెటీగలు కూడా వచ్చి చచ్చిపోయే ప్రమాదం ఉంది. రాలిన కాయలను లోతుగా పూడ్చి, మగ పండుఈగలను ఆకర్షించే క్యూల్యూర్ ఎర బుట్టలు కట్టండి. వేపనూనె చల్లవలసి వస్తే పొద్దుగూకాక, పువ్వులపై పడకుండా చల్లాలి. పక్క వరిచేలో మందు కొట్టే రోజును ముందుగా అడిగి తెలుసుకుని, ముందు రాత్రే పెట్టె ద్వారానికి గాలి ఆడేలా ఇనుప జల్లెడ బిగించి, పైన తడి గోనె కప్పి, మర్నాడు సాయంత్రం తీసేయండి.