అమ్మ మాట మీద వయొలిన్ ఎందుకు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సినిమాలోని శబ్దం గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరగా పాలమూరు, నల్లగొండ, సూర్యాపేట, గద్వాల వైపు నుంచి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో చాలా భాగం సొంత ఖర్చుతో లఘుచిత్రాలు తీస్తున్నవారివి కావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఒకే సంగతి అడిగినవారి ప్రశ్నలను ఒకటిగా కలిపి, ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే మిగిలినవారు అడిగినదానిలో సగం అందులోనే ఉంది.

ప్రశ్న: మేము పదకొండు నిమిషాల చిత్రం తీశాము. చివరి సన్నివేశంలో ఒక తల్లి, బొంబాయికి పనికి పోతున్న కొడుకును రాత్రిపూట రోడ్డు దాకా వచ్చి బస్సెక్కిస్తుంది. డైలాగులు శ్రద్ధగా రాశాము, వయొలిన్ మీద విషాద సంగీతం చేయించాము, కుక్కల అరుపు, గాలి, బస్సు హారను అన్నీ పెట్టాము. ఊరి బడిలో వేసి చూపిస్తే ఎవరి కళ్లూ చెమర్చలేదు. సంగీతం మొత్తం తీసేయమని ఒక మిత్రుడు అంటున్నాడు. తీసేయాలా? – నారాయణపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: మొత్తం తీయనక్కర లేదు, కానీ ఇప్పుడున్న చోటు నుంచి మాత్రం తప్పక తీయాలి. మీరు పంపిన సన్నివేశాన్ని నేను నాలుగుసార్లు పెట్టుకున్నాను. అందులో ఒకసారి తెర వైపు చూడకుండా, కళ్లు మూసుకుని కేవలం విన్నాను. బస్సు మెట్టు దగ్గర తల్లి "పైలం బిడ్డా, పోంగనే ఫోన్ జెయ్యి" అంటుంది. ఆ "పైలం" అన్న మాట నాకు మూడోసారికి గానీ తెలియలేదు. మన వైపు తల్లి ఆ ఒక్క మాటలోనే జాగ్రత్తా, దీవెనా, తన భయమూ కలిపి చెప్పేస్తుంది. సన్నివేశానికి ప్రాణమైన ఆ మాటే వినబడనప్పుడు, ఎంత మంచి సంగీతం పెట్టినా చూసేవారి గుండెకు తగలదు.

మాట వినబడకపోవడానికి కారణం వయొలిన్ మోత ఎక్కువ కావడం ఒక్కటే కాదు. వయొలిన్‌లో అన్నింటికంటే కింది తీగ స్వరం సెకనుకు సుమారు 196 కంపనాల దగ్గర మొదలవుతుంది. మాట్లాడే స్త్రీ గొంతు సగటున పలికేది కూడా 200 కంపనాల చుట్టుపక్కలే. అంటే ఆ వాయిద్యమూ ఆ తల్లి గొంతూ ఒకే ఎత్తులో నడుస్తున్నాయి. ఒకే ఎత్తులో ఉన్న రెండు ధ్వనులను విడదీసి వినడం చెవికి కష్టం కనుక, కొంచెం గట్టిగా ఉన్నది రెండోదాన్ని కప్పేస్తుంది. మీరు వయొలిన్‌ను తగ్గించినకొద్దీ అది సన్నని గీతలా మిగులుతుందే తప్ప అడ్డు తొలగదు. మాటలున్నంతసేపు సంగీతం కావాలనే పట్టుదల మీకు ఉంటే, గొంతుకు బాగా దిగువన పలికే తంబురా శ్రుతి వంటిదాన్ని ఎంచుకోండి. నన్నడిగితే మాత్రం అక్కడ ఏదీ వద్దంటాను.

ఇంకొక సంగతి, నా దృష్టిలో ఇది మరింత ముఖ్యం. మీ వయొలిన్ సన్నివేశం మొదటి షాటులోనే, తల్లి ఇంకా వాకిట్లో సద్దిమూట కడుతుండగానే మొదలైంది. ఆమె మనసులో ఏముందో ఆమె ముఖం చెప్పకముందే సంగీతం చెప్పేసింది. ఇక ఆ తరువాత ఆమె ఏమి చేసినా అది ముందే తెలిసిపోయిన విషయాన్ని మళ్లీ చెప్పడమే అవుతుంది. అదే సంగీతం లేకుండా చూస్తే అక్కడ ఎంత ఉన్నదో గమనించండి. ఎండిన జొన్నరొట్టెలను నాలుగు మడతల గుడ్డలో పెట్టి ముడి బిగిస్తుంటే అంచులు చిట్లిన సన్నని చప్పుడు వస్తుంది. ఆమె ఆగి, ముడి కొంచెం వదులు చేసి, మళ్లీ కడుతుంది. మీ కెమెరా ఆ చేతులను అంత దగ్గరగా చూపించింది కానీ ఆ చప్పుడు మీ ట్రాకులో లేనే లేదు. నాలుగు జొన్నరొట్టెలు, ఒక పాత ధోవతి గుడ్డ ముందు పెట్టుకుని, తలుపులు మూసిన గదిలో మైకును జానెడు దూరంలో ఉంచి రికార్డు చేసి అక్కడ కలపండి.

అక్కడి నుంచి బస్సు వచ్చే దాకా నడిపించవలసింది చప్పుళ్లే. పల్లెలో రాత్రి బస్సు కనబడటానికి చాలా ముందే వినబడుతుంది. దూరాన ఇంజను గురగుర మొదలుకాగానే తల్లి చేయి ఆగిపోయేలా దృశ్యాన్ని కోస్తే, ఆమె చేత మీరు పలికించిన "బస్సొస్తున్నట్టుంది, లెవ్వు బిడ్డా" అన్న డైలాగు అవసరమే ఉండదు. చప్పుడు చెప్పిన వార్తను మాట మళ్లీ చెబితే రెండూ బలహీనపడతాయి. కుక్క ఒక్కసారి అరిస్తే చాలు. గాలి అసలు వద్దు, ఎందుకంటే మీ దృశ్యంలో వేపకొమ్మ ఒక్క ఆకు కూడా కదలడం లేదు. బస్సు ఆగిన తరువాత ఇంజను మాత్రం ఆగకూడదు. అది అలా కొట్టుకుంటూ ఉండటమే, ఇక సమయం లేదని తల్లికీ కొడుకుకూ చెబుతుంది. అయితే "పైలం" అనే క్షణానికి ఆ మోతను మెల్లగా కిందికి దించండి. నిజంగా బస్సు పక్కన నిలబడినవారికి మోత తగ్గదు, కానీ తల్లి మాట వినాలనుకున్న కొడుకు చెవి ఆ మోతను పక్కకు పెడుతుంది. మాట, చప్పుడు, సంగీతం పాళ్లు కుదిర్చి కలిపే మిక్సింగులో మనం చేసేది ఆ చెవి చేసే పనినే.

బస్సు వెళ్లిపోయాక మీరు పెట్టిన వయొలిన్ ఉధృతిని తీసేసి, ఆరేడు సెకన్లు కేవలం కీచురాళ్ల రొదను ఉంచండి. అంతకుముందు వాకిట్లో వినబడి, బస్సు రాగానే ఇంజనులో మునిగిపోయిన ఆ రొద మళ్లీ పైకి తేలినప్పుడు, తల్లి ఒంటరిదైన సంగతి వేరే చెప్పవలసిన పని ఉండదు. ఆమె వెనుదిరిగి మొదటి అడుగు వేసిన తరువాత సంగీతం రానివ్వండి, ఒకే వాయిద్యం, ఇరవై సెకన్లకు మించకుండా. ఒక జాగ్రత్త చెప్పాలి. నిశ్శబ్దం కావాలనుకుని ట్రాకును పూర్తిగా ఖాళీ చేయకండి. ఏమీ లేని ట్రాకు వస్తే స్పీకర్లు పోయాయేమోనని జనం వెనక్కి తిరిగి చూస్తారు. ఎక్కడ షూటింగు చేసినా, పని ముగిశాక అందరినీ ఊరకుండమని ఆ చోటు తాలూకు నిశ్శబ్దాన్ని కనీసం ఒక నిమిషం రికార్డు చేసుకుని, ఇలాంటి ఖాళీల్లో దానినే పరచాలి.

ప్రశ్న: ఇంట్లో టీవీలో సినిమా చూస్తుంటే మాటలు వినబడవు. సౌండు పెంచితే ఫైటు రాగానే ఇల్లు అదురుతుంది. లోపం మా టీవీలోనా, మా మామగారి చెవుల్లోనా, సినిమాలోనా? – హాలియా నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మూడింటికీ ఇందులో వాటా ఉన్నదమ్మా. థియేటరు కోసం చేసే, శబ్దాన్ని ఆరు దారుల్లో పంపే 5.1 మిక్సింగులో మాటలు ప్రధానంగా తెర వెనుక నడిమి స్పీకరు నుంచి, సంగీతమూ ఇతర చప్పుళ్లూ ఎక్కువగా పక్క స్పీకర్ల నుంచి వస్తాయి. అందువల్ల మోత ఎంత ఉన్నా మాట తన చోటులో తాను నిలబడగలుగుతుంది. ఇంట్లో ఆ ఆరు దారులనూ కుదించి టీవీ కింద గానీ వెనుక గానీ ఉండే రెండు చిన్న స్పీకర్లలోకి పంపినప్పుడు, మాటకూ సంగీతానికీ మధ్య ఉన్న ఎడం పోతుంది. పైగా థియేటరు మిక్సింగులో గుసగుసకూ పేలుడుకూ మధ్య చాలా తేడా ఉంచుతారు. ఫ్యాను తిరుగుతున్న ఇంట్లో ఆ గుసగుస ఫ్యాను మోతకు కిందే ఉండిపోతుంది.

మామగారి విషయానికి వస్తే, వయసుతో పాటు ముందుగా తగ్గేది సన్నగా, కీచుగా ఉండే పై స్థాయి శబ్దాల వినికిడి. స, శ, త, క వంటి హల్లుల స్పష్టత ఆ స్థాయిలోనే ఉంటుంది కనుక, గొంతు వినబడుతుంది కానీ మాట అర్థం కాదు. టీవీ సెట్టింగులలో ధ్వనిని సరౌండ్ నుంచి స్టీరియోకు మార్చండి. మాటలను స్పష్టం చేసే ఏర్పాటు గానీ, పెద్ద మోతలను అణిచే నైట్ మోడ్ గానీ ఉంటే దానిని ఆన్ చేసి చూడండి. అయినా ఒకటి చెప్పక తప్పదు. ప్రతి దృశ్యాన్నీ మోతతో నింపే సినిమాలు పెరిగాయి. మంచి థియేటరులో కూడా మాట వినబడకపోతే ఆ తప్పు మీ ఇంటిది కాదు.

ప్రశ్న: మా కథలో చావింటి ముందు నుంచి పెళ్లి ఊరేగింపు పోతుంది. బ్యాండు మేళం పాటతో పాటు విషాద సంగీతం కూడా పెట్టాలా? – సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. ఆ మేళమే మీ విషాద సంగీతం. గోడ పై స్వరాలను ఎక్కువగా అడ్డుకుని కింది స్వరాలను లోపలికి వదులుతుంది కనుక, కెమెరా ఇంట్లో ఉన్నంతసేపు డోలు దెబ్బ మాత్రమే మందంగా వినబడాలి. ఎవరో తలుపు తీసినప్పుడు ఒక్కసారిగా బాకా స్వరం లోపలికి దూకాలి. మేళగాళ్లు ఆ గడప ముందుకు రాగానే సంగతి గ్రహించి వాయించడం ఆపి, కేవలం చెప్పుల చప్పుడుతో నడిచిపోతే ఎలా ఉంటుందో కూడా ఒకసారి ఆలోచించండి.

ప్రశ్న: మా ఊరి జాతరలో డప్పును ఫోనులో రికార్డు చేస్తే ఖాళీ డబ్బా కొట్టినట్టు వచ్చింది. సినిమాలో అంత గంభీరంగా ఎలా వస్తుంది? అవన్నీ స్టూడియోలో పుట్టించిన చప్పుళ్లేనా? – గద్వాల నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫోను మనిషి మాట కోసం తయారైనది. పెద్ద చప్పుడు తగలగానే అది తనంతట తానే మట్టాన్ని తగ్గిస్తుంది, మరుక్షణం మళ్లీ పెంచుతుంది. డప్పు దెబ్బ అలా తెగిపోయి, దాని వెనుక వచ్చే గుంయ్‌మనే నాదం వికృతమవుతుంది. మట్టాన్ని మనమే నిర్ణయించుకునే చిన్న రికార్డరు దొరికితే, దానిని తక్కువ మట్టంలో ఉంచి మూడు దూరాల నుంచి తీసుకోండి. రెండు గజాల దగ్గర డప్పు కొట్టే రెండు పుల్లల్లో లావుపాటి సిర్ర దెబ్బ, సన్నని సిటికెన పుల్ల చిటపట విడివిడిగా వినబడతాయి, పదిహేను గజాల దగ్గర దరువు నిండుగా ఉంటుంది, ఊరి చివరి నుంచి తీసుకుంటే గుండె కొట్టుకున్నట్టు ఉంటుంది. ఎడిటింగులో మూడూ కావాలి. రికార్డు చేసే ముందు కళాకారులు డప్పును మంట దగ్గర కాచేంత వరకు ఓపిక పట్టండి. చల్లదనానికి చర్మం సాగి స్వరం దిగిపోతుంది, సెగ తగలగానే బిగిసి కంగుమంటుంది. వేడి చల్లారకముందే రికార్డు పూర్తి కావాలి.

స్టూడియోలో పుట్టించే మాట నిజమే. అడుగుల చప్పుడు, బట్టల రాపిడి, గిన్నెల చప్పుడు వంటివాటిని తెర మీది బొమ్మను చూస్తూ చేసి రికార్డు చేసే పనిని ఫోలీ అంటారు. అమెరికాలో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు మీదుగా ఆ మాట వచ్చింది. కొబ్బరిచిప్పలతో గుర్రపు డెక్కల చప్పుడు చేయడం ఎందరికో తెలిసినదే. ఇది మోసమని నేను అనుకోను, ఎందుకంటే కొన్నిసార్లు ఉన్నది ఉన్నట్టు చూపిస్తేనే తప్పులా కనిపిస్తుంది. చెరువుకు అవతలి గట్టున రేవులో బట్టలు ఉతకడం ఎప్పుడైనా గమనించారా? బట్ట బండను తాకిన కాసేపటికి గానీ చప్పుడు మనల్ని చేరదు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లే నడుస్తుంది. సినిమాలో దానిని అలాగే ఉంచితే ఎడిటరు పొరపాటు చేశాడనుకుంటారు, అందుకే సాధారణంగా దెబ్బనూ చప్పుడునూ కలిపేస్తారు. కానీ డప్పు విషయంలో నా అభిప్రాయం వేరు. అడుగుల చప్పుడును ఎవరైనా పుట్టించవచ్చు, మీ ఊరి దరువు మీ ఊరి చేతిలోనే ఉంది. అంగట్లో కొన్న డ్రమ్ముల ముక్కను దాని స్థానంలో అతికించకండి.

ప్రశ్న: మా చిత్రంలో మా ఊరి అవ్వ నటించింది. షూటింగులో అద్భుతంగా మాట్లాడింది కానీ మైకులో ట్రాక్టరు మోత పడింది. హైదరాబాదులో డబ్బింగ్ చెప్పించబోతే గాజు గదిలో ఆమెకు మాట రాలేదు. వేరే కళాకారిణితో చెప్పించాలా? – దేవరకొండ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చెప్పించకండి. వృత్తి కళాకారిణి పెదవులకు మాట సరిగ్గా అతికిస్తుంది కానీ, "గట్లనే" అనబోయి అవ్వ తీసుకునే ఊపిరిని, పన్ను లేని చోట జారే అక్షరాన్ని తీసుకురాలేదు. 1932లో మొదటి తెలుగు టాకీ వచ్చిన రోజుల్లో తరువాత డబ్బింగ్ చెప్పుకునే వీలు లేదు. మాటనూ పాటనూ నటులు సెట్టులోనే, కెమెరా తిరుగుతుండగా పలకవలసి వచ్చేది. మీకు ఆ కష్టం లేదు, మీరు ఆమె దగ్గరకే వెళ్లవచ్చు. ట్రాక్టర్లు బయలుదేరకముందు, పొద్దున్నే అదే ఇంటి అదే అరుగు మీద ఆమెను కూర్చోబెట్టండి. కెమెరా తీసుకెళ్లకండి. ఆ సన్నివేశంలో ఎదుటి పాత్ర వేసిన పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టి, వాడి చేత అవే మాటలు అడిగించండి. ఆమె తనకు తోచిన వేగంలో మూడు నాలుగుసార్లు చెప్పనివ్వండి. పెదవులకు సరిపోయే ముక్కలు వాటిలోంచి ఏరుకోవచ్చు. ఎక్కడా సరిపోని ఒకటి రెండు వాక్యాల దగ్గర కెమెరాను పిల్లవాడి ముఖం మీదికి మార్చి, అవ్వ గొంతును మాత్రం వినిపించండి.