రుల్ఫో కథల్ని తెలుగు చేయడానికి ఏ ఇంగ్లీషు అనువాదం తీసుకోవాలి?

స్పానిష్ అంతంతమాత్రమే వచ్చినవాళ్లు మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో కథల్ని ఇంగ్లీషు మీదుగా తెలుగు చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు. అయితే స్పానిష్ మూలం పక్కన పెట్టుకునే చేయాలి.

ఆయన కథల సంపుటి 'ఎల్ యానో ఎన్ యామాస్' 1953లో మెక్సికోలో 15 కథలతో వచ్చింది. 1970 ముద్రణలో ఇంకో రెండు చేరాయి. జార్జ్ షేడ్ ఇంగ్లీషు అనువాదంలో (1967) ఆ రెండూ లేవు. ఇలాన్ స్టావన్స్, హెరాల్డ్ ఆగెన్‌బ్రామ్‌ల అనువాదంలో (2012) ఉన్నాయి. అందుకే నేనైతే రెండోది తీసుకుంటాను.

ఏది తీసుకున్నా అసలు చిక్కు 'యూ' దగ్గర వస్తుంది. 'నో ఓయెస్ లద్రార్ లోస్ పెర్రోస్' కథలో ముసలి తండ్రి గాయపడ్డ కొడుకు ఇగ్నాసియోని భుజాల మీద మోస్తూ రాత్రివేళ నడుస్తాడు. మొదట 'తూ' అంటాడు, అంటే నువ్వు. కోపం పొంగాక 'ఉస్తెద్'లోకి, అంటే మీరులోకి మారతాడు: ఇదంతా మీ కోసం కాదు, చచ్చిపోయిన మీ అమ్మ కోసం అని. ఒకచోట 'ఏడుస్తున్నావా' అన్న వెంటనే, తర్వాతి వాక్యంలోనే మళ్లీ 'మీరు'. చివరి మాటకు నువ్వులోకి తిరిగొస్తాడు. ఇంగ్లీషులో ఇవన్నీ ఒకటే 'యూ'. మన భాషలో ఆ తేడా పుట్టుకతోనే ఉంది, దాన్ని పోగొట్టుకోకూడదు. మూలంలో 'ఉస్తెద్' కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. ఆ మాట కనిపించకపోతే క్రియ చివర చూడండి: వర్తమానంలో 'స్' ఉంటే నువ్వు, లేకపోతే మీరు. (భూతకాలంలో ఈ గుర్తు ప్రతిసారీ పనిచేయదు.) 'తమరు' మాత్రం వాడొద్దు, అది వెటకారం. ఇక్కడున్నది కొడుకుని పరాయివాణ్ని చేయడం.

పేర్లనూ మూలం నుంచే తీసుకోండి. ఇదే కథకు షేడ్ పెట్టిన పేరుకి 'కుక్కలేవీ మొరగవు' అని అర్థం. కథ చివర కుక్కలు మొరుగుతూనే ఉంటాయి! మూలంలో ఉన్నది 'కుక్కల అరుపు వినపడట్లేదా' అన్న తండ్రి ఆశ. 'ఎస్ కే సోమోస్ మూయ్ పోబ్రెస్' అనే ఇంకో కథ పేరులో 'ఎస్ కే' అంటే కారణం చెప్పుకోవడం. షేడ్ దాన్ని వదిలేసి 'మేం చాలా పేదవాళ్లం' అని ఊరుకున్నాడు. 'మేం మరీ పేదోళ్లం గదా మరి' అంటే ఆ కథ చెప్పే పిల్లవాడి గొంతు పలుకుతుంది.

భూమి పంచిచ్చిన కథలో ఎండిన బయలుని 'కోమాల్' అంటారు. దానికి అడుగున వివరణ అక్కర్లేదు, 'కాలిన పెనం' అని రాసేయండి.