20 అని చెక్కి ఉన్నంత మాత్రాన అది చిన్న తుపాకీ కాదు

తాతగారి నుంచి సంక్రమించిన జోడు గొట్టాల తుపాకీ మీద 20 అని చెక్కి ఉన్నదనీ, దానికి సేకరణ విలువ ఉంటుందా అనీ మీరు అడిగారు. ఆ అంకె గొట్టం లోపలి వెడల్పును, అంటే బోర్‌ను, మాత్రమే చెబుతుంది; అంకె పెద్దదైతే గొట్టం సన్నమని అర్థం. ధరను నిర్ణయించేది ఆ గొట్టాలు కూర్చున్న ఫ్రేము, అంటే తుపాకీ నడిమి లోహపు దిమ్మ.

12 బోర్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు, 20 బోర్‌ది 15.6. తయారీదారు ఖర్చు తగ్గించుకోవడానికి 12 బోర్ ఫ్రేముకే 20 బోర్ గొట్టాలు అమర్చితే గోడలు మందమై, బరువంతా ముందుకు పోతుంది. భుజానికి ఎత్తగానే ఆ తేడా తెలిసిపోతుంది.

మా పెదనాన్నగారు కాలం చేసిన తరువాత, లైసెన్సు వారసుల పేరిట మారేవరకు ఆయన తుపాకీని కర్నూలులో ఒక దుకాణంలో అప్పగించి ఉంచాము. 20 బోర్ అని విని కొనడానికి ఒకాయన వచ్చి, చూడకుండానే మంచి ధర పలికాడు. అక్కడి ముసలి మేస్త్రీ మాత్రం "ముందు కొలుద్దాం సార్, బేరం తరువాత" అని గొట్టాలు విడదీసి, ఫ్రేము ముఖం మీద ఉన్న రెండు ఫైరింగ్ పిన్ను (తూటాను పేల్చే సూది) రంధ్రాల మధ్య దూరాన్ని వెర్నియర్ కొలకర్ర దవడలతో పట్టాడు. దాని స్క్రూ బిగించి, అదే కొలతతో పక్కనున్న 12 బోర్ తుపాకీకి ఆనించగా దవడలు కదపకుండానే సరిపోయాయి. బీరువాలోని ఇంగ్లీషు 20 బోర్‌కు మాత్రం దవడలను దగ్గరకు జరపవలసి వచ్చింది. తూకంలో మాది మూడు కిలోలు దాటింది, ఆ ఇంగ్లీషుది రెండున్నర కిలోల దగ్గరే ఆగింది. కొనవచ్చిన ఆయన మరి ధర ఎత్తలేదు.

అమెరికాలోని పార్కర్ బ్రదర్స్ వారి తుపాకులకు ఈ తంటా లేదు. గొట్టాల అడుగు భాగాన ఫ్రేము సంఖ్య ఉంటుంది. 20 బోర్‌కు సాధారణంగా 0, అన్నిటికంటే చిన్నదైన .410కి 000. మన లైసెన్సు పుస్తకాల్లోనేమో తుపాకీ గురించి సాధారణంగా "డి.బి.బి.ఎల్." (వెనుక నుంచి తూటా నింపే జోడు గొట్టాల తుపాకీ) అనే నాలుగు అక్షరాలు, బోర్, నంబరు మాత్రమే రాస్తారు. తూటా కూర్చునే చాంబర్ పొడవైనా రాయకపోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది, ఎందుకంటే రెండున్నర అంగుళాల పాత చాంబర్‌లో రెండుముప్పావు అంగుళాల తూటా పెడితే ఒత్తిడి ప్రమాదకరంగా పెరగవచ్చు.

కాబట్టి తుపాకీ ఖాళీగా ఉన్నదని నిర్ధారించుకుని, లైసెన్సు ఉన్న దుకాణంలోనే పిన్నుల మధ్య దూరం, మడత దగ్గర ఫ్రేము వెడల్పు, మొత్తం బరువు, గొట్టం నోటినుంచి కాక వెనుక నుంచి తొమ్మిది అంగుళాల దగ్గర లోపలి వ్యాసం కొలిపించండి. గొట్టాల అడుగున చదునుగా ఉన్న భాగంలోని ప్రూఫు ముద్రలను, అంటే గొట్టం బలాన్ని పరీక్షించాక వేసే గుర్తులను, ఫొటో తీయండి. 1954 తరువాతి దశాబ్దాల్లో ఇంగ్లండులో పరీక్షించినదైతే అక్కడ వ్యాసం అంగుళాల లెక్కన .615 వంటి అంకెలలో ఉంటుంది. మెరుపు కోసం ఆ ముద్రలను బఫింగు చేసి చెరిపే దుకాణదారులను నేను క్షమించలేను. మీ తుపాకీకి అలా జరిగి ఉంటే, ఫ్రేము నిజంగా చిన్నదైనా సేకర్తలు పూర్తి ధర ఇవ్వరు.